బోటు పంపు స్విచ్ మాటిమాటికీ పోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాకు ఫైబర్ బోటు ఉంది. అడుగున చేరే నీళ్లు తోడే పంపుకి ఆటోమేటిక్ ఫ్లోట్ స్విచ్ పెట్టించాం. ఒకసారి నీళ్లు నిండినా పంపు తిరగలేదు. ఇంకోసారి నీళ్లు లేకపోయినా రాత్రంతా తిరిగి బ్యాటరీ దిగిపోయింది. ఎలక్ట్రానిక్ స్విచ్ వేయించమంటున్నారు. నిజంగా మంచిదేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కొత్తది కొనేముందు పాత ఫ్లోట్‌ని, అంటే నీళ్లతోపాటు పైకి తేలి పంపుని ఆన్ చేసే భాగాన్ని, చేత్తో పైకెత్తి చూడండి. పంపు తిరిగిందా, స్విచ్ బాగానే ఉన్నట్టు. ‘పోయింది’ అంటూ మా షాపుకి తెచ్చేవాటిలో చాలావాటికి కీలు సందున వల దారం ముక్కలు, చేప పొలుసులు డీజిల్ జిడ్డుతో ముద్దకట్టి ఉంటాయి. ఫ్లోట్ కింద అతుక్కుంటే పంపు తిరగదు, పైన ఇరుక్కుంటే ఆగదు. మీ రెండు కష్టాలూ ఈ జిడ్డు వల్లే కావచ్చు.

ఎత్తినా తిరక్కపోతే స్విచ్ వైర్లు రెండూ విడదీసి ఒకదానికొకటి కలపండి. అప్పుడు తిరిగితే తప్పు స్విచ్‌దే. అప్పటికీ తిరక్కపోతే ఫ్యూజు, అతుకులు, చివరికి పంపు చూడాలి. నా అనుమానం ముందు అతుకుల మీదకే పోతుంది. టేపు చుట్టి నీళ్లలో వదిలేస్తారు. ఉప్పునీరు తొడుగు లోపలికి పాకి రాగి పచ్చబడి పొడైపోతుంది, పైకి మాత్రం టేపు నిగనిగలాడుతూనే ఉంటుంది! తగరం పూత ఉన్న వైరు, వేడి చేస్తే ముడుచుకుని అతుకుని బిగించే, లోపల జిగురుండే హీట్ ష్రింక్ ట్యూబు వాడి, అతుకుని నీరందనంత ఎత్తున కట్టించండి. పంపు లైను ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీ నుంచే రావాలి. మెయిన్ స్విచ్ తర్వాత కలిపితే, జెట్టీ దగ్గర మెయిన్ ఆపి ఇంటికెళ్లగానే పంపూ ఆగిపోతుంది.

నీటిని సెన్సర్‌తో పసిగట్టే ఎలక్ట్రానిక్‌దానిలో కదిలే భాగం లేదు కాబట్టి ఇరుక్కునే బాధ ఉండదు. కానీ సెన్సర్ మీద జిడ్డు పేరుకుంటే అదీ తికమక పడుతుంది, దాన్నీ తుడుస్తుండాలి. నన్నడిగితే ఫ్లోటే మేలు. పనిచేస్తోందో లేదో సముద్రం మీద కళాసీ కూడా ఎత్తి చూసుకోగలడు. స్విచ్ మార్చే డబ్బుతో ముందు ఇంకో ఫ్లోట్ కొని పాతదానికి నాలుగు వేళ్ల ఎత్తున బిగించి, డ్రైవర్‌కి వినపడేలా బజర్ కలపండి. కింది పంపు మొరాయిస్తే అదే అరుస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఈ పనులన్నీ అప్పుడే పెట్టుకోండి. బోటు ఒడ్డెక్కాక అడుగు కడిగి, బకెట్లతో మంచినీళ్లు పోసి ఫ్లోట్ దానంతటది లేస్తోందో లేదో కళ్లారా చూడండి.