సబ్సిడీ తీసేసి లెక్క వెయ్యి

గుంటూరు

చి. సౌ. ప్రసన్నకు మామయ్య ఆశీస్సులు.

కారం, పసుపు పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్మాలని అనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. అయితే మిల్లు గురించి నాలుగు ముక్కలు చెప్పి, "గవర్నమెంటు 35 శాతం ఇస్తుందట కదన్నయ్యా" అన్నది మాత్రం పదిసార్లు అంది. బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చుని ఇలాంటి ఫైళ్లు చూసినవాణ్ణి కనక ముందు దాని సంగతే రాస్తున్నా.

ఆ డబ్బు, అంటే మిల్లు ఖర్చులో ఆ వంతు సబ్సిడీ, నీ చేతికి రాదు. యూనిట్ ఖర్చులో నీ వాటా పోను మిగతాదంతా బ్యాంకు అప్పుగా ఇస్తుంది. సబ్సిడీ తర్వాత వచ్చి అదే బ్యాంకులో మూడేళ్లు కదలకుండా ఉంటుంది. దాని మీద నీకు వడ్డీ రాదు, అంతమేర అప్పుకి నీ దగ్గర వడ్డీ తీసుకోరు. మూడేళ్లయ్యాక, మిల్లు నడుస్తూ ఖాతా సవ్యంగా ఉంటే అప్పులో జమ వేస్తారు. కాబట్టి సబ్సిడీ అసలు లేదనుకుని లెక్క వెయ్యి. నెల కంతు, కరెంటు, కూలీ పోను ఏమైనా మిగులుతోందా? మిగిలితేనే ముందుకెళ్లు. సబ్సిడీ కలిపితే తప్ప లాభం కనపడని వ్యాపారం మన ఇంటికి వద్దు.

నీకు పనికొచ్చే పథకాలు రెండు. 2008 నుంచి ఉన్న పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, ఒకటి. దీంట్లో ఆడవాళ్లకి నగరంలో అయితే 25 శాతం, పల్లెలో అయితే 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతమే. తయారీ యూనిట్‌కి 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. అది కొత్త యూనిట్లకే, స్థలం కొన్న ఖర్చు అందులో కలపరు. రెండోది 2020లో తిండి సరుకుల చిన్న యూనిట్ల కోసం వచ్చిన పీఎంఎఫ్ఎంఈ. ఇందులో ఊరేదైనా 35 శాతమే, 10 లక్షలు మించకుండా. సొంత వాటా మాత్రం కనీసం 10 శాతం ఉండాలి. ఒకే యూనిట్‌కి రెండు చోట్లా సబ్సిడీ తీసుకోవడం కుదరదు. ఈ అంకెలు, గడువులు మారుతుంటాయి కనక దరఖాస్తు పెట్టే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో మళ్లీ అడుగు.

ఇప్పుడు చోటు మాట. మంగళగిరిలో షెడ్డు అద్దెకి చూశావట. మీ వీధి పల్లెలాగే ఉంటుంది, నిజమే. కానీ పంచాయతీ కింద ఉంటే పల్లె, మున్సిపాలిటీ కింద ఉంటే పట్నం, పీఎంఈజీపీ చూసేది అదే. మంగళగిరి, తాడేపల్లి కలిపి 2021లోనే కార్పొరేషన్ చేశారు. అక్కడ పెడితే నీకు 25 శాతమే వర్తిస్తుంది. అప్పుడు రెండో పథకమే మేలు. దుగ్గిరాలలో మీ అత్తగారి గోడౌను ఖాళీగానే ఉంది కదా, అది పంచాయతీ. నన్నడిగితే అక్కడే పెట్టమంటా. 25కీ 35కీ మధ్య ఉన్న ఆ 10 శాతం కోసం కాదు, నెలనెలా అద్దె తప్పుతుంది. పైగా పసుపు యార్డు ఆ ఊళ్లోనే ఉంది.

ఎక్కడ పెట్టినా వెళ్లాల్సింది గుంటూరు ఆఫీసుకే. విజయవాడ దగ్గర కదా అని అక్కడికి వెళితే అది ఎన్టీఆర్ జిల్లా వాళ్లది, వెనక్కి పంపిస్తారు. పరిశ్రమల కేంద్రంలో ఐపీవోని, అంటే పరిశ్రమల ప్రోత్సాహక అధికారిని, కలువు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే, రుసుమేమీ లేదు. ఆఫీసు బయట "ఫైలు నేను చూసుకుంటా, సబ్సిడీలో ఇంత ఇవ్వు" అనేవాడు తగులుతాడు. వాడు అప్పు ఇప్పించలేడు, మంజూరు చేసేది బ్యాంకు.

అందుకే దరఖాస్తు కంటే ముందు బ్యాంకుకి వెళ్లు, అదీ యూనిట్ పెట్టే ఊళ్లోని బ్రాంచికి. మేనేజర్ మొదట చూసేది నీ సిబిల్, అంటే పాత అప్పులు ఎలా కట్టావో చెప్పే స్కోరు. మీ ఆయన బండి లోను కంతులు ఏమైనా ఆగి ఉంటే ముందు అవి కట్టేయండి. డ్వాక్రా సంఘంలో నువ్వు సరిగ్గా కట్టిన పుస్తకం ఉంది చూడు, అది తీసుకెళ్లు. దాని విలువ నీకు తెలియదు గానీ మాకు తెలుసు. 10 లక్షల లోపు చిన్న యూనిట్లకి తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకే చెప్పింది. అడిగితే, క్రెడిట్ గ్యారంటీ (తాకట్టు బదులు అప్పుకి ఉండే పూచీ) కింద పెట్టండి సార్ అని మర్యాదగా చెప్పు. కుదరదంటే కారణం కాగితం మీద రాసివ్వమను. ఆ కాగితం ఉంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోవచ్చు.

ప్రాజెక్టు రిపోర్టుల్లో అందరూ డబ్బంతా యంత్రాల మీదే చూపిస్తారు. పొడి పట్టే పల్వరైజరు, ప్యాకింగ్ మెషీను, అంతే. కారం వ్యాపారంలో డబ్బు తినేది యంత్రం కాదమ్మా, మిరపకాయ. మన గుంటూరు మిర్చి యార్డుకి సరుకు జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, తర్వాత వేసవి సెలవులిస్తారు. ఏడాదికి సరిపడా టిక్కీలు (మిర్చి బస్తాలు) అప్పుడే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగి అంటూ రెండు మూడు రకాలు కలపాలి కూడా. తొడిమలు తీస్తే తూకం పడిపోతుంది, తాలు (రంగు పోయిన కాయ) ఏరితే ఇంకా పడుతుంది, తొడిమ తీసే ఆడవాళ్ల కూలీ వేరే. ఇదంతా వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ నడపడానికి కావాల్సిన పెట్టుబడి, కింద రాయి. బ్యాంకు ఎక్కువంటుందేమోనని తగ్గించి రాస్తే మే నెలకల్లా చేతిలో మిల్లుంటుంది, పట్టడానికి కాయ ఉండదు.

చిన్నగా మొదలుపెడతానంటే అదీ మంచిదే. చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే ముద్ర పథకంలో కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. సబ్సిడీ ఉండదు, ఆ తిరుగుడూ ఉండదు. సంఘం సభ్యురాలివి కనక పీఎంఎఫ్ఎంఈలో 40 వేలు సీడ్ క్యాపిటల్ (మొదటి పెట్టుబడి) సంగతి కూడా మీ సంఘం ద్వారా కనుక్కో.

ఉద్యం, అంటే చిన్న పరిశ్రమగా నమోదయ్యే రిజిస్ట్రేషన్, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లోనే అయిపోతుంది, ఉచితం. ఎవరైనా డబ్బడిగితే అది వేరే సైటు. ఫుడ్ రిజిస్ట్రేషన్, ప్యాకెట్ల మీద బరువు, ధర వేస్తావు కనక తూనికలు కొలతల శాఖ రిజిస్ట్రేషన్, పంచాయతీ లైసెన్సు, ఇవి ఒక్కొక్కటిగా చేయించుకో.

యంత్రాలకి ఇద్దరు ముగ్గురి దగ్గర జీఎస్టీతో సహా కొటేషన్లు తీసుకో, డబ్బు మాత్రం అప్పుడే కట్టకు. గోడౌనుకి త్రీఫేజ్ కరెంటు ఉందో లేదో మీ అత్తగారిని అడుగు. లేకపోతే కరెంటాఫీసులో ఎస్టిమేటు వేయించి ఆ ఖర్చూ కలుపుదాం. అన్నీ పట్టుకుని ఆదివారం బ్రాడీపేట రా, రిపోర్టు కూర్చుని రాద్దాం.

మీ మామయ్య