కొట్టిన స్టేషన్‌కే తిరిగొచ్చిన పిటిషన్

ప్రశ్న: మా తమ్ముడు ఊళ్లో ఒక వ్యాపారి దగ్గర 2 లక్షలు వడ్డీకి తీసుకున్నాడు. కట్టడం ఆలస్యమయ్యేసరికి ఆ వ్యాపారి ఎస్సైకి చెప్పి స్టేషన్‌కు పిలిపించాడు. ఒక రాత్రి, మర్నాడు సాయంత్రం దాకా కూర్చోబెట్టి అరికాళ్ల మీద, తొడల మీద లాఠీతో కొట్టారు. రెండు తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పంపేశారు. కేసు లేదు, అరెస్టు చూపలేదు. ఇది జరిగి 9 రోజులైంది. ఎస్పీ ఆఫీసులో పిటిషన్ ఇస్తే అది మా సీఐ గారికే వచ్చింది. "వచ్చి స్టేట్‌మెంట్ ఇవ్వండి, కూర్చుని మాట్లాడుకుందాం" అని ఫోన్లు చేస్తున్నారు. వెళ్లాలా? పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ వేరే ఉందంటారు, నిజమేనా?

జవాబు: సీఐ దగ్గరికి వెళ్లే సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆస్పత్రి, ఆ వెంటనే స్టేషన్ కెమెరా రికార్డింగ్. ఈ రెండూ రోజులు గడిచేకొద్దీ చేజారిపోతాయి.

ఈ రోజే తమ్ముణ్ణి ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసుగా (దెబ్బల వెనక నేరం ఉందని డాక్టర్ రికార్డు చేసే కేసు) రాయించండి. దెబ్బలెలా తగిలాయని డాక్టర్ అడిగినప్పుడు భయపడి "జారి పడ్డాను" అనేవాళ్లే ఎక్కువ. కేసు సగం అక్కడే పోతుంది. ఏ తేదీన, ఏ స్టేషన్‌లో, పోలీసులు లాఠీతో కొట్టారని చెప్పి, ఆ మాట రిజిస్టర్‌లో పడిందో లేదో చూసుకోండి. లాఠీ దెబ్బకు మధ్యలో చర్మం మామూలుగా ఉండి, రెండు పక్కలా కమిలిన గీతలు రైలు పట్టాల్లా కనిపిస్తాయి. తొమ్మిదో రోజుకు అవి పసుపు రంగుకు తిరిగి ఉండొచ్చు, అయినా ఫొటో తీయండి. వాట్సాప్‌లో పంపిన కాపీ చాలదు. తీసిన ఫోన్‌లోనే అసలు ఫైలు ఉంచండి, కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అరికాళ్ల మీద కొడితే పైకి పెద్దగా కనిపించదు కాబట్టి పాదాలకు ఎక్స్‌రే అడగండి.

ఎక్స్‌రే ఎందుకంటే, ఎముక విరిగితే అది తీవ్ర గాయం. విరగకపోయినా, గాయం వల్ల 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 116 ప్రకారం అదీ తీవ్ర గాయమే. పాత ఐపీసీలో ఇది 20 రోజులు. అందుకే నడవలేకపోతున్నంత కాలం ఓపీ చీటీలు దాచుకోండి, పదహారో రోజున మళ్లీ డాక్టర్‌కు చూపించండి. ఇక బీఎన్ఎస్ 120 సరిగ్గా మీలాంటి కేసు కోసమే ఉంది. నేరం ఒప్పించడానికే కాదు, బాకీ తీర్చమని కొట్టడం కూడా దాని కిందికే వస్తుంది. మామూలు గాయమైతే 7 ఏళ్ల దాకా, తీవ్ర గాయమైతే 10 ఏళ్ల దాకా శిక్ష.

కెమెరా సంగతి. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, వరండా, లాకప్, ఎస్సై గదితో సహా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, అంత సామర్థ్యం దొరక్కపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. తమ్ముడు లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, వేసుకున్న చొక్కా రంగు రాసి, ఆ ఫుటేజీ చెరిపేయకుండా భద్రపరచమని ఎస్పీకి లేఖ పెట్టండి. ఈ కెమెరాల మీద నిఘాకు అదే తీర్పు పెట్టమన్న జిల్లా పర్యవేక్షణ కమిటీలో కలెక్టర్ కూడా ఉంటారు, ఆయనకూ కాపీ పంపండి. "ఆ రోజు కెమెరా పని చేయలేదు" అనే జవాబు తరచూ వస్తుంది. రానివ్వండి. కెమెరా చెడిపోతే స్టేషన్ అధికారి వెంటనే ఆ కమిటీకి తెలియజేయాలని అదే తీర్పులో ఉంది. ఏ తేదీన తెలియజేశారో, ఆ కాపీ ఇవ్వమని ఎస్పీ ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయండి. కాపీ లేదంటే ఆ జవాబే మీకు సాక్ష్యం.

ఇప్పుడు సీఐ ఫోన్లు. వెళ్లనని చెప్పకండి. రాకపోతే "పిటిషనర్ హాజరు కాలేదు" అని రాసి మూసేస్తారు, వెళితే రాజీ కాగితం ముందు పెడతారు. విచారణకు సిద్ధమే గానీ, ఆరోపణ ఈ స్టేషన్ మీదే కాబట్టి వేరే సబ్‌డివిజన్ డీఎస్పీతో ఎస్పీ ఆఫీసులో జరిపించండి అని ఎస్పీకి రాతపూర్వకంగా చెప్పి, నకలు సీఐకి పంపండి. స్టేట్‌మెంట్ మీరే ఇంట్లో రాసుకుని, రెండు ప్రతులతో వెళ్లి, ఒకదాని మీద రసీదు సంతకం తీసుకోండి. వాళ్లు రాసింది చదవకుండా సంతకం వద్దు.

మీరిచ్చిన పిటిషన్ చివర "తగు చర్య తీసుకోగలరు" అని ఉంటే దాన్ని ఎంక్వైరీకి పంపి ఊరుకుంటారు. ఎఫ్‌ఐఆర్ కావాలంటే, నేరం జరిగిన తీరు వివరంగా రాసి, "బీఎన్ఎస్‌ఎస్ 173(4) కింద సమాచారం" అని పైన పెట్టి (బీఎన్ఎస్‌ఎస్ అంటే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. ట్రాకింగ్ ప్రింటు దాచండి. కదలిక లేకపోతే ఆ కాగితాలు, అఫిడవిట్ జతచేసి దర్యాప్తుకు ఆదేశించమని మేజిస్ట్రేట్ దగ్గర అదే చట్టం 175(3) కింద పిటిషన్ వేయొచ్చు. విధి నిర్వహణలో చేశామని పోలీసులు చెప్పుకుంటే 175(4) అడ్డొస్తుంది. పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వాదన చూశాకే దర్యాప్తుకు ఆదేశిస్తారు. బాకీ వసూలు పోలీసు విధి కాదన్నది మీ ప్రధాన వాదన. లాయర్ ఖర్చు భారమైతే న్యాయ సేవల సంస్థ నంబర్ 15100.

అథారిటీ నిజమే. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రానికి ఒకటి, జిల్లాకు ఒకటి పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ పెట్టమంది. ఎస్పీ, ఆపై స్థాయి అధికారులపై రాష్ట్ర అథారిటీ, డీఎస్పీ వరకు జిల్లా అథారిటీ వింటాయి. కస్టడీలో తీవ్ర గాయాలే కాదు, బెదిరించి వసూలు చేయడం, అధికార దుర్వినియోగం కూడా జిల్లా అథారిటీ పరిధిలో ఉన్నాయి. దాని సిఫార్సుకు సంబంధిత అధికారులు కట్టుబడాలని కూడా తీర్పు చెప్పింది. కాగితం మీద ఇంత బలమైనది మరొకటి లేదు. కానీ చైర్మన్, సభ్యులు లేని అథారిటీ తపాలా పెట్టెతో సమానం. మీ జిల్లాలో అది నడుస్తోందో లేదో కనుక్కుని ఫిర్యాదు ఇవ్వండి, దాని కోసం మిగతావి ఆపకండి.

మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేదు, తెలుగులో రాయొచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్లాలి. రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ రెండింటికీ ఒకేసారి పెట్టకండి, రాష్ట్ర కమిషన్ దగ్గర పెండింగ్‌లో ఉన్నదాన్ని జాతీయ కమిషన్ విచారించదు. పరిహారానికి సిఫార్సు చేస్తుందే తప్ప ఎవరినీ జైలుకు పంపలేదు. ఎస్సైని వీఆర్‌కు (పోస్టింగ్ లేకుండా వేకెన్సీ రిజర్వ్‌కు) పంపితే న్యాయం జరిగిందని ఊళ్లో చెప్పుకుంటారు గానీ, అది శిక్ష కాదు.

ఆ రెండు తెల్లకాగితాలు రేపు ప్రామిసరీ నోటుగా మారకుండా, బలవంతంగా తీసుకున్న సంతకాలని, తేదీతో సహా, వ్యాపారికి ఈ వారంలోనే లాయర్ నోటీసు ఇప్పించండి. తీసుకున్న అప్పు మాత్రం అప్పే. దానికి ఆయన వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు.