ఎండకాలం మట్టిని నమ్మకు బిడ్డా

పరకాల

బిడ్డా,

మీ నాయిన నిన్న ఫోన్ చేసి "అన్నా, పోరి ప్లాటు చూసింది, ఉగాదికి బయానా ఇస్తదట" అన్నడు. నీ జీతం పైసలతోని నువ్వే రెండు వందల గజాలు కొంటున్నవంటే నాకు ఎంత మురిపెమో. కానీ రాత్రి నిద్ర పట్టలే. నువ్వు పంపిన ఫోటో పెద్దగ చేసి చూసిన. నేలంతా ఎర్రగ, చదునుగ ముచ్చటగనే ఉన్నది. మూలకు కడీ పాతిన గుంత చూడు, ఒడ్డున తీసి పోసిన మట్టి నల్లగున్నది. ఆ ఎర్రది పైన పరిచిన మొరం. కింద ఉన్నది రేగడి, మొన్నమొన్నటిదాక పత్తి పండిన చేను.

కాయిదాలు వకీలుకు చూపియ్యి. చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే భూమి, కిందికి వస్తదేమో అడుగు. 2020 ఆగస్టుల, 2023 జూలైల మన కాలనీలల్లకు నీళ్లు ఎట్ల వచ్చినయో నువ్వూ చూసినవు. ఇవన్నీ చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు. మట్టి సంగతి ఎవ్వలు చెప్పరని ఈ ఉత్తరం.

ఈ ఇల్లు కట్టిన కథ నీకు సగమే తెలుసు. ఏప్రిల్ నెలల పునాది తీసినం. గడ్డపార వేస్తే ఖంగున మోగింది. మేస్త్రి "సారూ, ఇది రాయే, మూడు ఫీట్లు చాలు" అన్నడు. పైసలు మిగిలినయని సంబురపడ్డ. అంతటితోని ఊకోలే, తీసిన నల్లమట్టినే బేస్మెంట్ల నింపిచ్చిన, మొరం ట్రాక్టర్ల ఖర్చు ఎందుకని. మీ పెద్దమ్మ అడిగింది: "వానపడితే కాలికి పట్టి ఇడువని మట్టిని ఇంట్ల పోస్తరా?" ఆమె రైతు బిడ్డ. నేను సార్‌ను గదా, ఇనలే.

మొదటి వానకాలమే వంటింట్ల బండలు లేసినయి, బిందె పెడితే ఊగేది. తలుపు చౌకట్ల ఇరుక్కునేది. ఎండలు ముదరంగనే పడమటి గోడకు మెట్లు మెట్లుగ పగులు. సిమెంటు పెట్టిచ్చిన. వానకు మూసుకుంది, ఎండకు మళ్ల తెరుచుకుంది. మీ పెద్దమ్మ పగులుకు అటొకటి ఇటొకటి పెన్సిల్ గీత గీసి, పక్కన నెల పేరు రాసేది. ఒక్కమాట అనలేదు నన్ను, ఆ గీతలు చాలు. నీకు ఐదేండ్లప్పుడు వేసవి సెలవులకొచ్చి ఆ సందుల నాలుగాణాల బిళ్ల వేసి "పెద్దనాయినా, గల్లగురిగి" అన్నవు. అందరు నవ్విన్రు. నీ మంచం ఆ గోడకే ఉండె. ఆ రాత్రి లేసి ఇవతలకు జరిపిన.

ఇంటి బరువుకు గోడ కుంగిందనుకున్న చానా ఏండ్లు. కాదు. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతది, ఆరి ముడుచుకుంటది, ఇల్లును లేపుతది దించుతది. నేనేమో ఒక మూలకు బాత్రూం నీళ్లు ఇడిసిన, ఇంకో మూలకు గోడ పక్కన్నే జామచెట్టు పెట్టిన. ఒకదిక్కు తడి, ఒకదిక్కు వేర్లు పీల్చి పొడి. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలె.

నువ్వు నాలుగు మూలల, నడుమ గుంతలు తీపియ్యి. నల్లమట్టి దాటి కింద అసలు మొరం తగిలేదాక తవ్వమను, ఎన్ని ఫీట్లకు తగిలిందో రాసుకో. ఆ నల్లమట్టి ఎండబెట్టి, దంచి, మెత్తగ జల్లించు. గీతలున్న గాజు గొట్టాలు రెండు తీసుకొని పది గ్రాముల మట్టి ఒక్కోదాంట్ల పోసి, ఒకదాంట్ల నీళ్లు, ఇంకోదాంట్ల కిరోసిన్ పొయ్యి. ఒక దినమంతా కదపకు. కిరోసిన్‌ల మట్టి ఉబ్బదు. నీళ్లల్లది దానికంటే ఇంకో సగానికి మించి ఎక్కువ పెరిగిందంటే ఇంజినీరు లేకుండ పార పట్టొద్దు. ల్యాబుల చేసేదీ ఇదే పరీక్ష.

రేగడని కొనొద్దంటలేను. ధర తగ్గియ్యమను, పునాది ఖర్చు ముందే లెక్కల పెట్టుకో. పిల్లర్లు నల్లమట్టి దాటి దిగాలె. బేస్మెంట్ల మొరమే పోసి, వరసకొకసారి తడిపి దిమ్మిస కొట్టాలె. ఇంటి సుట్టూ నీళ్లు నిలవొద్దు. రామప్ప గుడి ఇసుక మీద నిలవలేదా అంటవు, నీ నోరు నాకు తెల్వదా! 1213ల కట్టినోళ్లు గుంత తీసి ఇసుక నింపిన్రు, నా లెక్క తీసిన రేగడినే మళ్ల పోసుకోలే.

మొక్కలది తేలిక. రేగడిల ఎత్తు మడులు కట్టు, బొప్పాయికి నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లుతది. చెట్లు మాత్రం గోడకు దూరం.

బయానా వానలు పడ్డంకనే. "ఇంకోళ్లు కొంటరు" అంటే కొననియ్యి. మృగశిర దాటినంక నేనే వస్త, నా మోకాళ్ల సంగతి మీ నాయినకు చెప్పకు. చెప్పులు ఇడిసి ప్లాట్ల నాలుగు అడుగులు నడుస్త. గడ్డపార ఒక్కటి అడిగి పెట్టు.

నీ
పెద్దనాయిన