తెగువలో తెగేదేమిటి?

సందేహం: పేపర్లో ఒకే రోజు రెండు శీర్షికలు చూశాను. ‘బావిలో పడ్డ చిన్నారిని కాపాడిన యువకుడి తెగువ’, ‘పట్టపగలే చోరీకి తెగబడ్డ దొంగలు’. తెగడం అంటే తాడు తెగడం, గాలిపటం తెగడం కదా! దానికీ ధైర్యానికీ ఏమిటి సంబంధం? ధైర్యం, తెగువ, తెగింపు ఒకటేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: సంబంధం ఉందండీ, చాలా దగ్గరి సంబంధం. తెగువ అచ్చ తెలుగు మాట. ‘దిగు’ నుంచి ‘దిగువ’ వచ్చినట్టే ‘తెగు’ నుంచి ‘తెగువ’ వచ్చింది. దిగు–దింపు లాగే తెగు–తెంపు కూడా జంట. పాత తెలుగులో ‘తెంపు’ అన్నా సాహసమే.

తెగేవి తాళ్లూ గాలిపటాలేనా? సంతలో బేరం తెగుతుంది. గట్టు తగాదా ఎన్ని పంచాయితీలు పెట్టినా తెగదు. సంబంధం నచ్చకపోతే తెగేసి చెబుతాం. వీటన్నిటిలో తెగడమంటే అటా ఇటా అన్న ఊగిసలాట పోయి ఒక నిర్ణయానికి రావడం. తెగువ పుట్టింది ఇక్కడే. బావి గట్టున నిలబడ్డ ఆ యువకుడికి భయం ఉండే ఉంటుంది. దూకనా వద్దా అన్న తర్జనభర్జన మాత్రం తెగిపోయింది.

పక్కనున్న తమిళం దీనికి మంచి సాక్ష్యం. అక్కడ సాహసాన్ని ‘తుణివు’ అంటారు. దాని మూలమైన ‘తుణి’కి తెగు, తునకలగు అని ఒక అర్థం, నిశ్చయించుకొను, తెగించు అని ఇంకో అర్థం. మన ‘తునక’ ఆ ఇంటి ఆడపడుచే. మనం ‘తెగు’ అనే వేరే ధాతువు పట్టుకున్నాం, అయినా భావం నడిచిన దారి ఒక్కటే. సోదర భాషల్లో ఇలాంటివి కనబడ్డప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక ధైర్యం సంస్కృతం నుంచి వచ్చింది. ధీరుడి గుణం ధైర్యం. మనసు చెదిరే కారణాలు ఎదురుగా ఉన్నా ఎవరి మనసు చెదరదో వారే ధీరులని కుమారసంభవంలో కాళిదాసు అన్నాడు. అంటే ధైర్యం చలించకుండా నిలబడేది, తెగువ ముందుకు అడుగు వేయించేది. ఆపరేషన్‌కి వెళ్తూ టెన్షన్ పడుతున్నవారితో ‘ధైర్యంగా ఉండండి’ అంటాం కానీ ‘తెగువగా ఉండండి’ అనం. ధైర్యం ఒకరు చెప్పగలరు, తెగువ చెప్పలేరు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకులకు రొమ్ము చూపి నిలబడ్డారు. అది ధైర్యమే, కానీ ఆ చొక్కా గుండీలు విప్పిన క్షణానికి తెగువ అన్న మాటే నప్పుతుంది.

తెగింపు కొంచెం చిక్కైనది. ‘కి, కు’ చేరినప్పుడు దాని తీరు గమనించండి. ‘ప్రాణానికి తెగించి కాపాడాడు’ అన్నప్పుడు ప్రాణం ఆయన వదులుకోవడానికి సిద్ధపడ్డది. ‘హత్యకు తెగించాడు’ అన్నప్పుడు హత్య వాడు చేయడానికి సిద్ధపడ్డది. విభక్తి ఒకటే, ఒకచోట పోగొట్టుకునేదాన్ని చెబుతోంది, మరోచోట చేయబోయేదాన్ని. అందుకే తెగింపు మంచికీ చెడ్డకీ రెండింటికీ పనికొస్తుంది. ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్న సామెతలో మెచ్చుకోలు ఎంతుందో, వీడికి అడ్డూ అదుపూ లేదన్న విసుగూ అంతే ఉంది.

‘తెగబడు’ దగ్గరికి వచ్చేసరికి మంచి పూర్తిగా పోయి, అడ్డూ అదుపూ లేకపోవడం ఒక్కటే మిగిలింది. దీనికి సరిజోడు మరొకటి ఉంది. ‘చొరు’ అంటే ప్రవేశించు. దాని నుంచి వచ్చిన ‘చొరవ’ను మెచ్చుకుంటాం, ‘చొరబడు’ను తప్పుపడతాం. తెగువ, తెగబడు కూడా సరిగ్గా అంతే. కాబట్టి మీరు చూసిన శీర్షికలు రెండూ ఒప్పే. ఆ యువకుడి విషయంలో ‘తెగింపు’ అని రాసినా తప్పు పట్టలేం. ‘తెంపరితనం’ అని మాత్రం రాయకూడదు. ‘తెంపు’ ఒకప్పుడు గౌరవంగా బతికిన మాటే అయినా, దాని బిడ్డ ‘తెంపరి’ ఇవాళ తిట్టు కిందే లెక్క.