ఏ వయసు జంతువో ముందు చెప్పండి

ప్రియమైన యువ రచయితకు,

ఆశీస్సులు. ఎదుగుతున్న జంతువుల్లో ఓపియాయిడ్ గ్రాహకాలు (మార్ఫిన్ వంటి మందులూ, శరీరంలోనే తయారయ్యే అలాంటి పదార్థాలూ వచ్చి అతుక్కునే కణభాగాలు) హార్మోన్ల విడుదలను ఎలా మారుస్తాయో వివరిస్తూ మీరు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇంత చిక్కైన విషయాన్ని తలకెత్తుకున్నందుకు సంతోషించాను. అయితే ‘ఓపియాయిడ్లు ల్యూటినైజింగ్ హార్మోన్‌ను తగ్గిస్తాయి’ (అండాశయాలనూ వృషణాలనూ పనిచేయించే పీయూష గ్రంథి హార్మోన్ అది) అన్న మీ మొదటి వాక్యంలో జంతువు వయసు లేదు, జాతి లేదు, ఆడదో మగదో లేదు. ఈ మూడూ లేకుండా ఈ విషయంలో ఏ వాక్యమూ నిలబడదు.

ఎలుకపిల్లనే తీసుకోండి. ఓపియాయిడ్ గ్రాహకాల్లో మ్యూ, కప్పా, డెల్టా అనేవి ప్రధాన రకాలు. వీటిలో మ్యూ, కప్పా గ్రాహకాలు దానికి పుట్టేనాటికే ఉంటాయి. డెల్టా గ్రాహకాలు ఆ తరువాత గానీ చెప్పుకోదగ్గంతగా కనబడవు. గ్రాహకం ఉన్నంత మాత్రాన సరిపోదు, అది ఏ నాడీకణం మీద ఉందో ఆ కణమూ, దాని మాట వినే గ్రంథీ కూడా అప్పటికింకా ఎదుగుతూనే ఉంటాయి.

పాల ఉత్పత్తికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్ గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేనైతే అక్కడే ఆగి విప్పి చెబుతాను. పీయూష గ్రంథిలోని ప్రొలాక్టిన్ కణాలకు, మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ నుంచి సన్నని రక్తనాళాల గుండా దిగివచ్చే డోపమిన్ అనే రసాయనం కళ్లెం వేసి ఉంచుతుంది. డోపమిన్‌ను వదిలే నాడీకణాల మీది మ్యూ గ్రాహకాలకు మార్ఫిన్ అతుక్కోగానే, పొటాషియం బయటికి పోవడం ఎక్కువై, కాల్షియం లోపలికి రావడం తగ్గి, ఆ కణాలు చల్లబడతాయి. డోపమిన్ తగ్గుతుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. గ్రాహకం చేసిన పని అణచడమే అయినా రక్తంలో కనబడేది పెరుగుదల. పుట్టిన తొలి రోజుల్లో ఈ డోపమిన్ కళ్లెం ఇంకా పూర్తిగా బిగిసి ఉండదని కూడా చెబితే, వయసు గురించి నేనెందుకింత పట్టుబడుతున్నానో పాఠకుడికే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మందు ఇచ్చి గ్రాహకాన్ని ప్రేరేపిస్తే అది ఏం చేయగలదో తెలుస్తుంది. శరీరం దానితో నిజంగా ఏం చేయిస్తోందో తెలియాలంటే ఓపియాయిడ్ గ్రాహకాలను అడ్డుకునే నలాక్సోన్ అనే మందుతో దాన్ని మూసి చూడాలి. యవ్వనానికి రాని ఆడ ఎలుకకు నలాక్సోన్ ఇస్తే ల్యూటినైజింగ్ హార్మోన్ పెరుగుతుంది, అంటే అక్కడ సహజ ఓపియాయిడ్లు దాన్ని పట్టి ఉంచుతున్నాయన్నమాట. అదే వయసు మగ ఎలుకలో ఆ స్పందన అంతగా ఉండదు. యవ్వనానికి రాని కోతిపిల్లలోనూ మనిషిబిడ్డలోనూ నలాక్సోన్ ఆ హార్మోన్‌ను పెంచదు. బాల్యంలో ఆ హార్మోన్‌ను ఆపి ఉంచే నిగ్రహం వాటిలో ఉన్నా, దాన్ని ఓపియాయిడ్లకు అంటగట్టలేం. మీ వ్యాసం ఎలుక ఫలితాన్ని తిన్నగా పిల్లల దాకా లాక్కుపోయింది. ఆ వంతెనను తీసేయండి.

1973లో గ్రాహకాలు, 1975లో ఎన్‌కెఫాలిన్లనే సహజ ఓపియాయిడ్లు బయటపడిన చరిత్రకు రెండు పేరాలు అక్కరలేదు, రెండు వాక్యాలు చాలు. మిగిలిన చోటును ఒత్తిడి హార్మోన్లకు ఇవ్వండి. ఒక్క మోతాదు మార్ఫిన్ ఎదిగిన ఎలుకలో దాని ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టెరోన్‌ను పెంచుతుంది, ఎదిగిన మనుషుల్లో వాళ్ల ఒత్తిడి హార్మోన్ కార్టిజాల్‌ను తగ్గిస్తుంది. పుట్టిన రెండు వారాల లోపు ఎలుకపిల్ల ఒత్తిడికి అసలే మందకొడిగా స్పందిస్తుంది. మీ చివరి పేరాలో ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. వాటిని విడదీసి, తిరగరాసి పంపండి.

మీ శ్రేయోభిలాషి