చిన్న ఫోనుకు పెద్ద ధర: చీటీ పాడాలా, వాయిదాల్లో కొనాలా?

ప్రశ్న: మాది అనంతపురం. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. నెల జీతం 34,000. ఇంటి ఖర్చు 20,000, బండి వాయిదా 3,200, చీటీ 5,000 పోతాయి. బ్యాంకులో 70,000 ఉన్నాయి. చొక్కా జేబులో పట్టే, ఒంటిచేత్తో వాడుకోగలిగే 54,000 రూపాయల ఫోను కొనాలనుంది. ఇప్పటి ఫోను బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది. వడ్డీ లేని వాయిదాల్లో కొనాలా, లక్ష రూపాయల చీటీ పాడుకోవాలా? పాట 16,000 దాకా పోతోంది.

జవాబు: చీటీ మాట మొదట పక్కన పెట్టండి. ఫోనుకు కావలసింది 54,000 అయితే, దానికోసం 16,000 వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. పైగా చేతికొచ్చిన మిగతా 30,000 నిలవడం అరుదని నా అనుభవం.

‘వడ్డీ లేని వాయిదా’ అన్న మాటను కూడా ఉన్నదున్నట్టు నమ్మకండి. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. జరిగేదేమిటంటే, వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవారు ముందే ధరలో తగ్గిస్తారు, బ్యాంకు దాన్ని మీ దగ్గర వాయిదాల్లో వసూలు చేసుకుంటుంది. నెలకు 4,500 చొప్పున పన్నెండు వాయిదాల్లో, 15 శాతం రేటున, వడ్డీ భాగం సుమారు 4,140 ఉంటుంది. క్రెడిట్ కార్డయితే ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 745 రూపాయలు మీరే కట్టాలి. ప్రాసెసింగ్ రుసుము దానికి అదనం. ఇది పెద్ద మొత్తం కాదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది: ఖర్చులన్నీ పోగా మీకు నెలకు 5,800 మిగులుతోంది, వాయిదా కడితే 1,300 మాత్రమే మిగులుతుంది. ఉన్న 70,000 దాదాపు రెండున్నర నెలల ఖర్చుకు సరిపోయే అత్యవసర నిధి; అందులో చెయ్యి పెట్టవద్దు.

అందువల్ల అదే 4,500ను బ్యాంకులో తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్‌గా కట్టండి. మిగిలేది అప్పుడూ 1,300 రూపాయలే కదా అనవచ్చు. కానీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేని నెలలో డిపాజిట్‌ను ఆపుకోవచ్చు, వాయిదాను ఆపలేరు. ఈలోగా పాత ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించండి. తొమ్మిది నెలల్లో చేరే 40,500కు పాత ఫోను మార్పిడి విలువ, కొత్త మోడళ్లు వచ్చాక తగ్గే ధర తోడవుతాయి. అప్పటికీ చాలకపోతే మరో రెండు నెలలు ఆగండి.

ఇక ఫోను సంగతి. చిన్న ఫోన్లు ఇప్పుడు ఖరీదైన వరుసలోనే ఎక్కువగా దొరుకుతున్నాయి, తక్కువ ధరవన్నీ పెద్ద తెరలవే. తెర అంగుళాలను మూల నుంచి మూలకు కొలుస్తారు గానీ, చేతికి తెలిసేది వెడల్పు. శాంసంగ్ గెలాక్సీ ఎస్25 వెడల్పు 70.5 మిల్లీమీటర్లు, తెర 6.2 అంగుళాలు, బరువు 162 గ్రాములు. ఏడేళ్ల పాటు సాఫ్ట్‌వేర్ నవీకరణలు ఇస్తామని సంస్థ ప్రకటించింది. అయితే బ్యాటరీ 4,000 ఎంఏహెచ్ మాత్రమే. వన్‌ప్లస్ 13ఎస్ 6.32 అంగుళాల తెరతో 185 గ్రాములున్నా, బ్యాటరీ 5,850 ఎంఏహెచ్. పాత ఐఫోన్ 13 మినీ చేతిలో ముద్దుగానే ఉంటుంది గానీ, 2021 నాటిది. వాడేసిన బ్యాటరీతో అది మీ వృత్తికి పనికిరాదు.

మన ఊరి ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు పరిసరాల్లోనే వాడాలని ఆపిల్ చెబుతుంది. చిన్న ఫోనులో వేడి బయటికి పోయే చోటూ తక్కువే. బండి మీద మ్యాపు పెట్టుకుని, మధ్యాహ్నం ఎండలోనే ఛార్జింగ్ పెడితే ఏ బ్యాటరీ అయినా త్వరగా పాడవుతుంది. పగటిపూట ఛార్జింగ్ అవసరం రాకూడదంటే పెద్ద బ్యాటరీ ఉండాలి కాబట్టి, మీ పనికి నేనైతే 23 గ్రాముల బరువు ఎక్కువైనా వన్‌ప్లస్‌కే మొగ్గుతాను. ఏడేళ్ల నవీకరణలే ముఖ్యమనుకుంటే శాంసంగ్ తీసుకోండి. రెండింటిలోనూ మెమరీ కార్డుకు చోటు లేదు, కనుక 256 జీబీకి తక్కువ వద్దు.

సప్తగిరి సర్కిల్ వైపు వెళ్లినప్పుడు ఏ షోరూములోనైనా కవరు తొడిగిన ఫోనునే పట్టుకుని, బొటనవేలు పై మూలకు అందుతుందో లేదో చూసుకోండి. రోజూ మీరు వాడేది కవరుతోనే. చీటీని చివరిదాకా వదిలేసి, ఆ డబ్బు వచ్చాక అత్యవసర నిధిలో కలపండి.