చీకటి నెలల్లో ధ్రువ సముద్రపు జంతు ప్లవకాలు

ప్రశ్న: మా నాన్నగారు రేపల్లె వైపు రొయ్యల చెరువులు సాగుచేస్తారు. నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ కరవైతే చెరువులో ప్లాంక్టన్ (నీటిలో తేలాడే చిన్న జీవులు, అంటే ప్లవకాలు) పడిపోయిందని ఆయన దిగులుపడతారు. మరి నెలల తరబడి సూర్యుడే ఉదయించని ధ్రువ సముద్రాల్లో జంతు ప్లవకాలు ఏమి తిని బతుకుతాయి? మంచు కింద ఉన్న వాటిని ఎలా పరిశీలిస్తారు?
— బీఎస్సీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ చెరువులోని జీవులకు లేని ఒక ఏర్పాటు ఆర్కిటిక్ సముద్రపు క్యాలనస్ అనే కోపిపాడ్లకు (రొయ్యల బంధువులైన చిన్న జంతు ప్లవకాలకు) ఉంది. వసంతంలో వెలుతురు మంచులోంచి దిగగానే మొదట ఆ మంచు అడుగునే అంటుకొని శైవలాలు (నాచు జాతి జీవులు) పెరుగుతాయి. మంచు కరిగాక నీటిలో వృక్ష ప్లవకాలు విస్తరిస్తాయి. ఆ కొద్ది వారాల్లో దొరికిన మేతను క్యాలనస్ మైనంలాంటి కొవ్వుగా మార్చి, ఒంట్లోని పారదర్శకమైన సంచిలో దాచుకుంటుంది. వీటిలో పెద్దదైన క్యాలనస్ హైపర్‌బోరియస్ కూడా బియ్యపు గింజంతే ఉంటుంది. అయినా నీటి బరువు తీసివేస్తే దాని ఒంట్లో సగానికి మించి కొవ్వే ఉండవచ్చు. వేసవి ముగిసేసరికి ఇవి వందల మీటర్ల లోతుకు దిగి, మేత మాని, దాదాపు కదలకుండా చలికాలం గడుపుతాయి. హైపర్‌బోరియస్ అయితే ఆ నడి చీకటిలోనే, దాచుకున్న కొవ్వు బలంతో గుడ్లు పెడుతుంది. కొవ్వు నిండిన ఆ గుడ్లు మెల్లగా పైకి తేలుతాయి. ఆర్కిటిక్‌లోని చిన్న ఆక్ పక్షులు, బోహెడ్ తిమింగలాలు ఆధారపడేది ఈ కొవ్వు మీదే. రొయ్యలాంటి చిన్న జీవి అయిన అంటార్కిటిక్ క్రిల్ దారి వేరు: దాని లార్వాలు చలికాలంలో మంచు అడుగున ఉన్న శైవలాలను గీకి తింటాయి.

అన్నీ నిద్రపోతాయనుకోవడం మాత్రం పొరపాటు. సముద్రంలో లంగరు వేసి వదిలిన, ప్రతిధ్వనిని బట్టి జీవుల గుంపులను పసిగట్టే ధ్వని పరికరాలు ఏడాది పొడవునా నమోదు చేసిన సమాచారాన్ని విశ్లేషించి 2016లో ప్రచురించిన పరిశోధన, ధ్రువరాత్రిలో జంతు ప్లవకాలు సూర్యుడికి బదులు చంద్రుడిని అనుసరించి పైకీ కిందికీ కదులుతాయని, పున్నమి రోజుల్లో వెన్నెలకు వెరచి సుమారు 50 మీటర్ల లోతుకు దిగుతాయని చూపింది. వెన్నెలలో వేటాడే జీవుల కంట పడకుండా ఉండటమే ఇందుకు కారణమని భావిస్తున్నారు.

పరిశీలనలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఓడ దీపాల వెలుగుకు 200 మీటర్ల లోతు వరకు చేపలూ ప్లవకాలూ తమ తీరు మార్చుకుంటాయని 2020లో తేలింది. అంటే దీపాలు వెలిగించి వల దించితే మనం లెక్కించేది బెదిరిన జీవులను. అందువల్ల ధ్రువరాత్రిలో దీపాలు ఆర్పి కొలవడం, మనిషి దగ్గర లేకపోయినా పనిచేసే పరికరాలను నీటిలో ఉంచడం అవసరమవుతున్నాయి. అలాగని వల అక్కరలేదనలేము, ఎందుకంటే ధ్వని పరికరం గుంపును చూపుతుందే గాని జాతిని చెప్పదు. 0.2 మిల్లీమీటర్ల కన్నుల వలను లోతు నుంచి నిలువునా లాగి, చిక్కినవాటిని సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా గుర్తించవలసిందే. అందులోనూ క్యాలనస్ గ్లేసియాలిస్, క్యాలనస్ ఫిన్‌మార్కికస్ పరిమాణంలో కలిసిపోవడం వల్ల వాటిని కచ్చితంగా వేరుచేయడానికి డీఎన్ఏ పరీక్ష కావాలి.

మన దేశం 2008లో నార్వేకు చెందిన ఆర్కిటిక్ ద్వీపసమూహం స్వాల్‌బార్డ్‌లోని నీ-ఆలెసుండ్‌లో హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది. అక్కడ అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. దగ్గరలోని కాంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలో 2014లో ఇండార్క్ అనే పరికరాల వరుసను నీటిలో దించారు. 2023 డిసెంబరులో మన శాస్త్రవేత్తల తొలి శీతకాల ఆర్కిటిక్ యాత్ర కూడా మొదలైంది. వీటిని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నిర్వహిస్తోంది; పీజీ తరువాత మీరు ప్రయత్నించదగిన చోటు అదే.

ఈలోగా నాన్నగారి అనుమతితో ఒక పని చేయండి. అమావాస్య రాత్రి ఒకసారి, పున్నమి రాత్రి ఒకసారి, గట్టు మీది బల్బులు ఆర్పి ఒకే లోతులో, ఒకే దూరం ప్లాంక్టన్ వల లాగండి. అరగంట తరువాత బల్బులు వెలిగించి మళ్లీ లాగండి. నాలుగు సీసాల్లోనూ కోపిపాడ్లను, రోటిఫర్లను (ఇంకా చిన్నవైన మరో రకం జంతు ప్లవకాలను) విడివిడిగా లెక్కపెట్టి ఆ అంకెలు మాకు రాయండి.